పట్టీ మీద రెండు మడతలు

"ఒక్క నిమిషం తేడాలో ఒకే మనిషికి బీపీ యాభై పాయింట్లు దిగిపోయిందంటే, చూసేవాళ్లకి అనుమానం రావాలా, వద్దా?"

సూర్యనారాయణమూర్తి ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. మొదటిసారి అడిగినప్పుడు స్నేహలత జవాబు చెప్పింది. రెండోసారి ఏడ్చింది. ఇప్పుడు కంప్యూటర్ తెర వంక చూస్తూ బిగుసుకుపోయి కూర్చుంది.

స్నేహలత తరఫున వచ్చి గోడవారగా కూర్చున్న ప్రైవేటు డిటెక్టివ్ త్రివేణికి ఒళ్లు మండింది. మూర్తిగారు డీఎస్పీగా రిటైరై, బీపీ మిషన్లు తయారుచేసే కంపెనీలో విజిలెన్స్ ఆఫీసరుగా చేరారు. యూనిఫాం విప్పేశారు గానీ, ఆ గొంతు మాత్రం ఇంకా స్టేషన్‌లోనే ఉంది. తమ మిషన్‌లో లోపం లేదని తేల్చడం ఆయన పని. మిషన్‌ది కాకపోతే తప్పు నర్సుదే అవ్వాలి కదా! సాయంత్రం ఐదింటికి ఆయన రిపోర్టు ఆసుపత్రి యాజమాన్యానికి వెళ్తుంది. దాంతో స్నేహలత ఉద్యోగం పోవడమే కాదు, నర్సు రిజిస్ట్రేషన్ కూడా రద్దవుతుంది. ఇరవై ఆరేళ్ల పిల్ల, ఇక ఏ ఆసుపత్రి గడపా తొక్కలేదు.

ఇప్పుడు టైము మూడుంపావు.

నారాయణగూడ కిడ్నీ సెంటర్లో ఆ గది చిన్నదే గానీ పని పెద్దది. మూడువందల పది మంది కిడ్నీ రోగుల ఇళ్లకు బీపీ మిషన్లు ఇచ్చారు. పొద్దున ఏడింటికి పట్టీ చేతికి చుట్టుకుని మీట నొక్కితే చాలు, అంకె రోగి ఫోన్ ద్వారా ఈ తెర మీదికి వచ్చేస్తుంది. బీపీ పెరిగితే మిగిలిన కాస్త కిడ్నీ కూడా పాడైపోతుంది కనుక, రోజూ ఆ అంకెలు చూసి, ఎక్కువున్నవాళ్లకు ఫోన్ చేసి, డాక్టరుగారితో మందు మార్పించడం స్నేహలత బాధ్యత.

ఆ మూడువందల పది మందిలో ఒకడు ఉప్పలయ్య. అశోక్ నగర్‌లో ఒక హాస్టల్ వాచ్‌మన్. పోయిన నెల మూడో తారీఖు నుంచి అతని బీపీ ఎక్కువగా వస్తోంది. డాక్టరు తొమ్మిదిన ఒక మాత్ర కలిపారు, పదిహేడున దాన్ని రెండు చేశారు. ఇరవైనాలుగో తారీఖు, ఆదివారం, మాత్రలు మింగిన గంటన్నరకు ఉప్పలయ్య హాస్టల్ మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డాడు. తల పగిలింది. అంబులెన్సులో చూస్తే బీపీ 78/46. అంటే అతనికి బీపీ ఎక్కువ లేదు. లేని బీపీకి మందు మీద మందు వేశారన్నమాట! ప్రాణం దక్కింది గానీ, జరగాల్సిన కిడ్నీ మార్పిడి ఆపరేషన్ వచ్చే బుధవారానికి వాయిదా పడింది.

"స్నేహలతా, ఆ అంకెలు నాకు మళ్లొకసారి చూపెట్టు," అంది త్రివేణి కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

"చూడక్కా. రోజూ పొద్దుగాల ఏడు గంటల ఐదు నిమిషాలకు రెండు రీడింగులొస్తయ్. ఒకటెనక ఒకటి. మొదటిది 188/110. రెండోది 132/80. రెండింటి సగటు 160/95. డాక్టర్ సార్ సగటే చూస్తరు."

"గంత తేడా ఉంటే నీకు డౌట్ రాలేదా?"

"మొదటిసారి చూసినప్పుడు భయానికి ఎక్కువ రావుడు మామూలే. అందుకే రెండుసార్లు చూడమంటం. నేను నాలుగుసార్లు ఫోన్ గూడ చేసిన. ప్రతిసారి ఆయన పండుకున్నడని భార్య లక్ష్మవ్వే ఎత్తింది. 'అవు బిడ్డా, ఆయనే రెండుసార్లు చూస్కుంటుండు' అన్నది. ఆ కాల్స్ రికార్డయినయ్."

"మరి పడిపోయే ముందు రోజు రెండో రీడింగు 106 ఉంది. అదీ మామూలేనా?" మూర్తిగారు అందుకున్నారు.

"తెర మీద పెద్దక్షరాల్ల కనబడేది సగటే సార్. విడివిడి అంకెలు చూడాలంటే లోపల ఇంకో పేజీ తెరవాలె. మూడొందల పది మందికి..."

"ఆ తెర ఎవరు తయారుజేసిండ్రు మూర్తిగారూ?" అడిగింది త్రివేణి.

మూర్తిగారు కళ్లజోడు సర్దుకున్నారు. "మా కంపెనీయే. అయితే?"

"ఏం లేదు. రిపోర్టుల అది గూడ రాయుండ్రి."

ఆయన మొహం కందగడ్డ అయింది. త్రివేణి అది పట్టించుకోలేదు. ఆమె వేలు తెర మీద మూడో వరుస దగ్గర ఆగింది. బీపీ అంకెల పక్కన బూడిదరంగులో ఇంకో చిన్న అంకె ఉంది. మొదటి రీడింగు పక్కన 94. రెండోదాని పక్కన 58.

"ఇదేంది?"

"పల్సు. నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకున్నదో చెప్తది. ఉప్పలయ్యగారిది ఎప్పుడు అరవై దాటదు, గుండె మెల్లగ కొట్టుకునే గోలీ వాడుతడు కాబట్టి..." స్నేహలత మాట మధ్యలో ఆగిపోయింది. ఒక్కో రోజు వెనక్కి జరుపుతూ పోయింది. 94, 58. 92, 60. 95, 57. ఇరవైరెండు రోజులూ అంతే.

"ఒక్క నిమిషంల తొంభైనాలుగు నుంచి యాభైఎనిమిదికి దిగుతదా?"

"దిగదు అక్కా," అంది స్నేహలత నెమ్మదిగా. "భయంతోని బీపీ పెరుగుతది గానీ... ఆ గోలీ వేసుకున్న మనిషికి పొద్దున లేవంగనే తొంభైనాలుగు రాదు. ఇవి ఇద్దరు మనుషులయి. నేనే చూడలేదు. నా కళ్ల ముంగటనే ఉన్నది."

ఆ పిల్ల తనను తాను తిట్టుకోవడం చూసి త్రివేణికి జాలేసింది. త్రివేణి వాళ్లన్న మూడేళ్లు డయాలసిస్ మీద ఉండి చనిపోయాడు. ఆ మూడేళ్లలో ఇలా రోజూ ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగిన మనిషి ఒక్కరూ లేరు. పెళ్లి ఎంక్వయిరీలన్నీ పక్కనపెట్టి ఈ కేసు ఆమె పట్టుకోవడానికి కారణం అదే.

"సరే, ఇంకెవరిదో చెయ్యి," మూర్తిగారు లేచారు. "భేష్. కానీ దాన్ని పట్టుకోవాల్సింది ఈ అమ్మాయేగా? నా రిపోర్టు మారదు. నాలుగింటికి హాస్టల్‌కి వెళ్లి మిషన్ స్వాధీనం చేసుకుంటున్నాను. అది కంపెనీ సొత్తు."

"ఈ రెండు రీడింగులు ఏడు గంటల ఐదు నిమిషాలకే తీసినయని మీకెట్ల తెలుసు?"

"తెర మీద ఉందిగా!"

"అది వచ్చిన టైము. తీసిన టైము కాదు. ఫోన్ దగ్గర లేకుంటే మిషన్ ఏం చేస్తది స్నేహలతా?"

"లోపల దాచిపెట్టుకుంటదక్కా. ఫోన్ దగ్గరికి రాంగనే అన్ని ఒకేసారి పంపిస్తది. వంద రీడింగుల దాక ఉంటయ్, తీసిన టైముతోని సహా."

మూర్తిగారు తలుపు వైపు నడిచారు. త్రివేణి ఆయనకంటే ముందే మెట్లు దిగేసింది.

*

అశోక్ నగర్ హాస్టల్లో అరవై మంది కుర్రాళ్లు సర్కారు కొలువుల పరీక్షలకు చదువుతున్నారు. వాళ్లకు మూడు పూటలా వండిపెట్టేది ఉప్పలయ్య భార్య లక్ష్మవ్వ. వంటగది పక్కనే, మెట్ల కింద ఒక్క గది ఆ దంపతుల కాపురం. త్రివేణి వెళ్లేసరికి మూడు ముప్పైఐదు. లక్ష్మవ్వ పీట మీద కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతోంది. యాభైరెండేళ్లుంటాయి, భారీ మనిషి. సాయం చేసే మంగ అనే పాలమూరు అమ్మాయి గంజులు తోముతోంది. గదిలో తెర వెనక మంచం మీద ఉప్పలయ్య తలకు కట్టుతో పడుకుని ఉన్నాడు.

"నేను సెంటర్ నర్సు తరఫున వచ్చిన అక్కా. మిషన్ ఒకసారి చూపిస్తవా?"

లక్ష్మవ్వ చేతిలో కత్తి ఆగింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, గదిలోకి వెళ్లి గూట్లోంచి స్టీలు డబ్బా తెచ్చి ముందు పెట్టింది. త్రివేణి మిషన్ తీసింది. స్నేహలత ఫోన్‌లో చెప్పినట్టు వెనక మీట మూడు సెకన్లు నొక్కి పట్టింది. ఇరవైనాలుగో తారీఖువి దాటాక పాత రీడింగులు ఒక్కొక్కటే కనిపించసాగాయి.

ఇరవైమూడో తారీఖు, ఉదయం 7:05. 106/64.

ఇరవైమూడో తారీఖు, ఉదయం 4:50. 190/112.

ఇరవైరెండు, 7:04. ఇరవైరెండు, 4:50. ఇరవైఒకటి, 7:05. ఇరవైఒకటి, 4:52.

ఇరవైరెండు రోజులూ అంతే! ఒక్క నిమిషం తేడా కాదు, రెండుగంటల పావు తేడా.

"పొద్దుగాల ఐదుకు పది నిమిషాల ముందు బీపీ ఎవరు చూస్కుంటరక్కా?"

"ఆయనే."

"అప్పుడు మీ ఆయన యాడుంటడు?"

"ఈన్నే. పండుకోని ఉంటడు," అంది లక్ష్మవ్వ.

"మరి ఫోన్?"

"ఆయన తానే ఉంటది ఎప్పటికి."

త్రివేణి లేచి గేటు దగ్గరికి నడిచింది. కుర్చీ పక్కన గోడకు తాడుతో కట్టిన రిజిస్టరు ఉంది. తెల్లవారకముందు బయటికి వెళ్లే ప్రతి కుర్రాడి పేరూ వాచ్‌మన్ రాయాలని వార్డెన్ రూలు. లైబ్రరీలో సీటు దొరకాలంటే చీకటితోనే పోయి నిలబడాలి మరి. ఆమె వెనక్కి తిప్పింది. గుండ్రటి పెద్ద అక్షరాలు, పేజీ చిరుగుతుందేమో అన్నంత ఒత్తి రాసినవి. 'ఇరవైమూడు. 4-45 సురేశ్. 4-50 వెంకటేశ్. 4-55 శ్రీను.' ఇరవైరెండునా అంతే, ఇరవైఒకటినా అంతే. ఇరవైనాలుగు తర్వాత మాత్రం చేతిరాత మారిపోయింది.

ఉప్పలయ్య ఆ వేళప్పుడు గేటు దగ్గర ఉన్నాడు. ఫోన్ అతనితోనే ఉంది. మిషన్ గదిలో ఉంది. అతను ఏడింటికి డ్యూటీ దిగి, ఫోన్ జేబులో పెట్టుకుని గదిలోకి వచ్చి పట్టీ చుట్టుకోగానే, అప్పటిదాకా మిషన్ దాచుకున్న రీడింగు, అతని సొంత రీడింగు కలిసి ఒక్కసారే సెంటర్‌కు పోయాయి. రెండూ ఉప్పలయ్య పేరు మీదే జమయ్యాయి.

త్రివేణి తిరిగి వచ్చేసరికి మూర్తిగారు వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నారు. మిషన్ కోసం చెయ్యి చాచారు. త్రివేణి ఇవ్వలేదు. పట్టీని బల్ల మీద పరిచింది.

"తీసుకపోదురుగానీ, ముందుగాల ఇది చూడుండ్రి. పట్టీ చేతికి చుట్టి అతికించినకాడ మడత పడుతది. దీనికి ఒకటి గాదు, రెండున్నయ్. ఈ మడత చాన లోపలికి ఉంది, సన్నని చెయ్యి. ఉప్పలయ్య ఎండుకపోయిన మనిషి, ఆయనదే. ఇంకోటి ఈడ, అంచుకు. లావు చెయ్యి."

మూర్తిగారు వంగి వేలితో తడిమి చూశారు. ఎంతైనా పోలీసు బుర్ర, రిజిస్టరు సంగతి కూడా చెప్పగానే చప్పున అందుకున్నారు. "అయితే హాస్టల్ కుర్రాళ్లలో ఒకడు. కానిస్టేబుల్ పరీక్షకి కసరత్తు చేసే రకం, కండలున్నవాడు. మెడికల్ టెస్టు భయంతో వాచ్‌మన్ మిషన్ దొంగచాటుగా వాడాడు. ఏమంటారు?"

"అరవై మంది ఉన్నరు. అడగుండ్రి మరి," అంది త్రివేణి.

"అడుగుతాను. ఒక్కొక్కడి చెయ్యీ చూస్తాను. అయినా వినండి, మిషన్ తప్పు లేదని మీరే తేల్చారు. ఐదు గంటలకి నా రిపోర్టు వెళ్తుంది. ఆ చెయ్యి ఎవరిదో పేరుతో సహా చెబితే తప్ప, నర్సు పేరు అందులోంచి తీసేది లేదు." ఆయన మెట్లెక్కి పైకి వెళ్లిపోయారు. పై అంతస్తులో తలుపులు దబదబా కొట్టిన చప్పుడు, 'చొక్కా చేతులు పైకి మడవండి' అన్న గర్జన వినిపించాయి. పాపం, పుస్తకాలు పట్టుకుని కూర్చున్న పిల్లలు హడలిపోయి ఉంటారు.

త్రివేణి గది గుమ్మంలో నిలబడి లోపల కలయజూసింది. తలుపుకు లోపలి గొళ్లెం ఉంది. ఏ కుర్రాడూ లక్ష్మవ్వను లేపకుండా లోపలికి రాలేడు. గోడకు క్యాలెండరు. పోయిన నెల కాగితం ఇంకా చింపలేదు. అందులో ఐదు తారీఖులకు ఎర్ర సున్నాలు చుట్టి ఉన్నాయి. రెండు, పదకొండు, పద్నాలుగు, పద్ధెనిమిది, ఇరవైరెండు. మేకుకు పాలిథీన్ కవరులో ఆసుపత్రి ఫైలు వేలాడుతోంది. పైన ఉన్న పేరు ఉప్పలయ్యది కాదు.

'లక్ష్మవ్వ. కిడ్నీ దాత.'

గూట్లో మందుల డబ్బా ఉంది. కొత్తగా కలిపిన మాత్రల చీటీ తీసి చదివింది. తొమ్మిదో తారీఖున ముప్పై ఇచ్చారు. పదహారు దాకా రోజుకొకటి చొప్పున ఎనిమిది. పదిహేడు నుంచి పడిపోయిన రోజు దాకా రోజుకు రెండు చొప్పున పదహారు. మొత్తం ఇరవైనాలుగు. ఆరు మిగలాలి. రెండే ఉన్నాయి.

తొమ్మిదో తారీఖు తర్వాత క్యాలెండరు మీద ఉన్న ఎర్ర సున్నాలు కూడా నాలుగే.

త్రివేణి బయటికి వచ్చి లక్ష్మవ్వ ఎదురుగా కింద కూర్చుంది. మంగను నీళ్లు తెమ్మని బయటికి పంపింది. టైము నాలుగూ పది.

"అక్కా, పొద్దుగాల నువ్వు ఎన్నింటికి లేస్తవు?"

"నాలుగున్నరకు. అరవై మందికి ఉప్మా అంటే మాటలా చెల్లె!"

"పొయ్యి ముట్టించేముందు ఐదు నిమిషాలు దొరుకుతది కదా?"

లక్ష్మవ్వ ఉల్లిగడ్డ తరుగుతూనే ఉంది.

"రెండో తారీఖు దవాఖానల నీ బీపీ చూసి ఏమన్నరు?"

లక్ష్మవ్వ మాట ఒక్కసారే కట్ట తెగినట్టు వచ్చింది. "కొంచెం ఎక్కువుందన్నరు. ఇంకోపారి చూస్తం, గట్లనే ఉంటే నీ కిడ్నీ పనికిరాదన్నరు. మా ఇంటోళ్లందరిల నాదొక్కటే ఆయనకు కలిసింది చెల్లె! ఇంకెవ్వలది కలువలే. తెల్లారి సంది ఆయన మిషన్ పెట్టుకోని చూసిన. దిగుతలేదు. తెల్లారెతోటి చూస్త, దిగుతలేదు. ఆయన గోలీ ఒక్కటేసుకుంటే దిగింది. అందుకే దవాఖానకు పోయేనాడు ఒక్కొక్కటి మింగిన."

"నువ్వు చూస్కున్న అంకె సెంటర్‌కు పోతదని తెల్వదా?"

"ఫోన్ దగ్గరుంటేనే పోతదన్నరు. ఫోన్ ఆయన తాన ఉండె. నా అంకె మిషన్లనే ఉంటది, మాసిపోతది అనుకున్న. ఆ పిల్ల ఫోన్ చేసి రెండుసార్లెందుకు చూస్తుండ్రంటే భయమయింది. మిషన్ ఇచ్చినోడు ఇంకెవ్వలన్న వాడితే వాపస్ గుంజుకుంటమన్నడు మరి. ఆయనే చూస్కుంటుండని చెప్పిన. గోలీలు ఎందుకు పెంచుతుండ్రో నాకు సమజ్ కాలే. ఆయన పడ్డనాడు, డాక్టర్ నోట్లకెల్లి 'బీపీ రోజూ ఎక్కువొచ్చింది, అందుకే పెంచినం' అని ఇన్నప్పుడు సమజయింది. నా చేతులతోటి నేనే పడగొట్టిన."

"అంటే పదకొండు రోజుల సంది నీకు తెలుసు. ఆ నర్సుపిల్ల మీద పడ్డదని గూడ తెలుసు."

"తెలుసు." లక్ష్మవ్వ తలెత్తి సూటిగా చూసింది. "ఆ పిల్లకు కొలువు పోతే ఇంకోటి దొరుకుతది చెల్లె. నా మొగడు పోతే?"

ఉద్యోగం పోయిన నర్సు, కిడ్నీ లేని మొగుడు. ఎవరి బాధ బరువెక్కువో తూచడానికి ఆమె ఎవరు? అయినా ఒక దారి కనిపించి ఊపిరి పీల్చుకుంది.

"అక్కా, నా మాటిను. ఈ సంగతి డాక్టర్లకు చెప్తే కొంపేం మునగదు. ఒక్కొక్కల్లకు మందుతోని బీపీ అదుపులకు తెచ్చి, మిగిలిన పరీక్షలన్ని మంచిగుంటే కిడ్నీ తీసుకుంటరట. మా అన్న దవాఖానల ఉన్నప్పుడు విన్న. నీకు గూడ మందిస్తరు. ఆపరేషన్ కొన్ని దినాలు ఆలస్యమైతదేమో గానీ ఆగదు."

అంత మంచి మాట చెప్తే మనిషి మొహం వికసించాలి. లక్ష్మవ్వ మొహం వికసించలేదు సరికదా, ఇంకా ముడుచుకుపోయింది. నుదురు రెండు వేళ్లతో నొక్కుకుంటూ ఉల్లిపొట్టు వైపు చూస్తోంది.

ఎందుకు? మొగుడికి కిడ్నీ ఇవ్వడం కోసం మాత్రలు దొంగిలించిన మనిషి, ఇవ్వడానికి దారుందంటే సంతోషించదేం? మిగిలిన పరీక్షలు అన్న మాట దగ్గరే కదా ఆమె కళ్లు దించుకుంది!

త్రివేణి చూపు కిందికి దిగింది. చీర అంచు కింద లక్ష్మవ్వ పాదాలు. కడియాలు చర్మంలోకి దిగబడి ఉన్నాయి. త్రివేణి చెయ్యి చాచి, చీలమండ పైన బొటనవేలితో నొక్కి వదిలింది. పడిన గుంట పడినట్టే ఉండిపోయింది. తన అన్న కాళ్లకు కూడా ఇలాగే ఉండేది.

"అక్కా, మూత్రంల నురగ వస్తదా?"

లక్ష్మవ్వ పాదాలు చీర కిందికి లాక్కుంది.

"ఫైలుల మూత్రం పరీక్ష బాగుందని రాసి ఉంది. పదకొండో తారీఖు. ఆ సీసా ఎవరిది?"

"మంగది," అంది లక్ష్మవ్వ, గుసగుసగా. "ఎందుకని అడగకుంటనే ఇచ్చింది పిచ్చిది. ఆయనకు నురగ రావుడు నాలుగేండ్లు చూసిన చెల్లె. నాకు మొదలైనప్పుడే ఎరుకైంది. కాని రక్తం పరీక్షల ఏం దొరకలే. అంటే ఇంక మొత్తం పాడుగాలేదు కదా? సగమన్న పనిచేస్తది కదా ఆయనకు? ఓ రెండేండ్లన్న?"

చెడిపోతున్న కిడ్నీని ఆమె ఒంట్లోంచి తీసి అతనికి పెడితే, అతనికీ నిలవదు, ఆమెకు మిగిలిన ఒక్కటీ నిలవదు. ఆరు రోజుల్లో ఇద్దర్నీ ఒకేసారి ఆపరేషన్ బల్ల మీదికి ఎక్కించబోతున్నారు. ఆ ఫైలు చూస్తే ఏ డాక్టరుకూ అనుమానం రాదు.

"తలనొస్తుందా అక్కా?"

"పొద్దుగాల సంది. ఎడమ కన్ను మసకమసకున్నది. ఉల్లిగడ్డల ఘాటుకనుకున్న."

త్రివేణి పట్టీ తెచ్చి ఆ లావాటి చేతికి చుట్టింది. పట్టీ సరిగ్గా అంచు మడత దగ్గరే అతుక్కుంది. మీట నొక్కింది. మిషన్ బుసకొట్టి, ఆగి, అంకె చూపించింది.

214/126. పల్సు 96.

నిమిషం కాకముందే గదిలో ఉప్పలయ్య ఫోన్ మోగింది. త్రివేణి పరుగున వెళ్లి ఎత్తింది.

"లక్ష్మవ్వగారూ, నేను సెంటర్ నుంచి స్నేహలతను." ఇంకో ఇరవై నిమిషాల్లో ఉద్యోగం ఊడబోతున్న పిల్ల, ఆ కుర్చీలోనే కూర్చుని ఆ తెరనే చూస్తోంది! "ఇప్పుడే రెండువందల పద్నాలుగు వచ్చింది. కానీ పల్సు తొంభైఆరున్నది, ఇది ఉప్పలయ్యగారి చెయ్యి కాదు. ఎవరికి పెట్టిండ్రు? నిజం చెప్పుండ్రి, నేనేమనను. ఆ మనిషికి చాన ప్రమాదం."

లక్ష్మవ్వ గుమ్మం దాకా వచ్చింది. రెండు చేతులూ జోడించి, వద్దని తల అడ్డంగా ఊపుతోంది. పేరు చెబితే ఉప్పలయ్యకు కిడ్నీ లేదు. ఆ సంగతి అక్కడున్న ఇద్దరికీ తెలుసు.

త్రివేణి కళ్లు మూసుకుని తెరిచింది.

"నేను త్రివేణిని. రాసుకో స్నేహలతా. పేరు లక్ష్మవ్వ. వయసు యాభైరెండు. కాళ్లు వాచినయ్, ఎడమ కన్ను మసకబారింది. ఇన్ని దినాలు ఐదుకు పది తక్కువకు వచ్చిన రీడింగులన్ని ఈమెవే. ఫైలుల ఉన్న మూత్రం పరీక్ష ఈమెది కాదు, బుధవారం ఆపరేషన్ ఆపమను. అంబులెన్స్ పంపు. మూర్తిగారు ఈన్నే ఉన్నరు, ఆయనకు నేను చెప్త."

"నా మొగణ్ని సంపినవ్ గద చెల్లె," అంది లక్ష్మవ్వ. తిట్టినట్టు లేదు, ఊరికే చెప్పినట్టుంది.

తెర కదిలింది. ఉప్పలయ్య మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. ఎంతసేపటి నుంచి మెలకువగా ఉన్నాడో ఏమో, చెంపలు తడిగా ఉన్నాయి. అతను భార్య మొహం చూడలేదు. ఆమె పాదాలే చూస్తున్నాడు, ఇన్నేళ్లలో మొదటిసారి చూస్తున్నట్టుగా.

"లక్ష్మీ," అన్నాడు. "నీ కాళ్లు ఎప్పటి సంది వాచినయే?"

లక్ష్మవ్వ జవాబు చెప్పబోయింది. నోరు తెరిచింది. మాట రాలేదు. పెదవులు ఒక పక్కకు వంకరపోయాయి. జోడించిన చేతుల్లో కుడిచెయ్యి జారి పక్కకు వేలాడింది. ఆమె ఆశ్చర్యంగా ఆ చేతినే చూసుకుంటూ గుమ్మానికి చేరగిలబడింది. త్రివేణి ఒక్క చేత్తో ఆమె నడుం పట్టుకుని నేల మీదికి దించింది.

"స్నేహలతా! మాట పడిపోయింది! కుడిచెయ్యి గూడ!"

మెట్ల మీద మూర్తిగారి బూట్ల చప్పుడు ఆగిపోయింది. ఫోన్‌లో స్నేహలత గొంతు మాత్రం ఇప్పుడు వణకలేదు.

"పక్కకు తిప్పి పండబెట్టక్కా. నీళ్లు తాపకు, గోలీ ఏసేవు, అస్సలొద్దు. అంబులెన్స్ బయలెల్లింది. మాట పోయి ఎంతసేపైంది? కరెక్టు టైము చెప్పు. ఏ మందియ్యాలన్న డాక్టర్లు మొదలు అదే అడుగుతరు."

త్రివేణి వాచీ చూసింది.

"నాలుగు నలభై రెండు," అంది. "నా కండ్ల ముంగట. రాసుకో."